ఇనుము దిగే దారిలో కొండకు

సెలవులకు ఏదైనా కొండ మీది ఊరికి పోదామని ఇంట్లో అనుకున్న రోజు నుంచే ఒక్కొక్కరిదీ ఒక్కో షరతు. పిల్లలకు జలపాతం కావాలి. పెద్దవాళ్లకు మెట్లు ఉండకూడదు. ఏడాది పొడుగునా వంటింట్లో నిలబడేవాళ్లకు అక్కడైనా స్టవ్వు కనపడకూడదు. నా షరతు ఒక్కటే: ఆ ఊళ్లో రైలు ఆగాలి. ఎక్కడో కొండ కింద జంక్షన్‌లో దించేసి, అక్కణ్నుంచి జీపు మాట్లాడుకోమనే ఊరు నాకు పనికిరాదు. రైలు తనే కొండెక్కాలి, నన్ను ఎక్కించాలి.

ఇది మొండితనంలా కనిపిస్తుంది గాని దీని వెనక ఒక సుఖం ఉంది. ఘాట్ రోడ్డు మీద కారులో పోయేవాళ్లకు కొండ ఏపాటి కనపడుతుందో తెలిసిందే. డ్రైవరు మలుపులు చూసుకుంటాడు. వెనక సీట్లో ఒకరు నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుంటారు, ఇంకొకరు ప్లాస్టిక్ కవరు చేత్తో పట్టుకుని దేవుణ్ని తలుచుకుంటారు. ఎలాగో పైకి చేరతారు. చేరతారే గాని ఎక్కరు. రైలు సంగతి వేరు. ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ. జీపు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కేసే వాలు మీద రైలు చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అందుకని రైలుకు దారి వేసేవాడు దాన్ని కొంచెం కొంచెంగా, కంటికి ఆననంత మెల్లగా పైకి తీసుకుపోవాలి. పక్కకు పోవాలి, లోయను చుట్టి రావాలి, దారి లేనిచోట రాయిని తొలవాలి, నేల లేనిచోట వంతెన కట్టాలి. ఆ తిప్పలన్నీ కిటికీ దగ్గర కూచున్నవాడికి లాభం. ఒకే లోయను ఇన్ని వైపుల నుంచి, ఇన్ని ఎత్తుల నుంచి చూపించే ఓపిక ఇంకే బండికీ లేదు.

మన దేశంలో రైలుకు పేరుపడ్డ కొండ ఊళ్లు కొన్ని ఉన్నాయి. డార్జిలింగ్‌కు 1881లో, సిమ్లాకు 1903లో, ఊటీకి 1908లో రైలు వచ్చింది. మూడూ యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కాయి. మెట్టుపాళయం దాటాక ఊటీ రైలు పళ్ల పట్టాను పట్టుకుని అంగుళం అంగుళం పాకే తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ వాటి పుట్టుకలో ఒక దొరతనం ఉంది. మైదానాల ఎండకు తాళలేక, చల్లని చోటు వెతుక్కున్న తెల్లదొరల కాలపు దారులవి. నాకు నచ్చిన కొండ రైలు వేరే ఉంది. దాన్ని ఎవరి వేసవి విడిదికీ వేయలేదు. నిజం చెప్పాలంటే మనుషుల కోసమే వేయలేదు. ఖనిజం కోసం వేశారు.

అది కొత్తవలస నుంచి కిరండూల్ దాకా పోయే లైను. రైల్వేవాళ్లు కె.కె. లైను అంటారు. విశాఖ జనానికి మాత్రం అది అరకు రైలే.

బస్తర్ అడవుల్లో బైలాడీలా కొండలున్నాయి. చాలా మేలైన ఇనుప ఖనిజం ఆ కొండల నిండా ఉంది. యుద్ధంలో కూలిపోయి మళ్లీ లేచి నిలబడుతున్న జపాన్‌లోని ఉక్కు మిల్లులకు అది కావాలి. అప్పుడప్పుడే సొంత కాళ్ల మీద నడక నేర్చుకుంటున్న మన దేశానికి విదేశీ మారకం కావాలి. 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజం అక్కడుంది, ఓడరేవు విశాఖలో ఉంది, మధ్యలో తూర్పు కనుమలు అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఆ అడ్డాన్ని దాటిస్తూ ఆ దశాబ్దంలోనే దాదాపు 450 కిలోమీటర్ల లైను వేశారు. మొత్తం దారిలో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. బొమ్మ రైలు నడిచే ఇరుకు పట్టాలు కావివి. దేశమంతా తిరిగే గూడ్సు బండి ఏదైనా నేరుగా ఎక్కిరాగల బ్రాడ్‌గేజ్. 1980ల మొదట్లో కరెంటు తీగలు కూడా వచ్చాయి. ఆ దశాబ్దం చివర స్వీడన్ నుంచి, జపాన్ నుంచి కొన్ని ఇంజన్లను తెప్పించి, విశాఖ షెడ్డులో ఉంచి, ఈ కొండ మీదికి తోలారు. అంటే జపాన్‌కు అమ్మే ఇనుమును లాగడానికి జపాన్‌లో చేసిన ఇంజను వచ్చిందన్నమాట. ఇక్కణ్నుంచి ఓడెక్కి పోయిన ఖనిజమే కొంత, ఉక్కుగా కాగి, ఇంజనై తిరిగొచ్చి తన పుట్టినింటి కొండ ఎక్కిందేమోనని నాకో పిచ్చి ఊహ. రుజువేమీ లేదు, కొట్టిపారేయడానికి మనసూ రాదు.

ఆ ఖనిజం గూడ్సుల మధ్య సందు చూసుకుని తిరిగే ప్రయాణికుల బళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో పొద్దున పూట విశాఖలో బయల్దేరే కిరండూల్ బండి మనది. హైదరాబాదు నుంచి రాత్రంతా పరుగెత్తి తెల్లారేసరికి విశాఖ చేరే బళ్లున్నాయి. దిగి, మొహం కడుక్కుని, ప్లాట్‌ఫారం మీదే ఇడ్లీ తిని, అరకు రైలెక్కేయవచ్చు. సుమారు నాలుగు గంటల ప్రయాణం. 2017 నుంచి దీనికి అద్దాల బోగీ కూడా తగిలిస్తున్నారు. పైకప్పుకూ అద్దాలే, సీట్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. పిల్లలుంటే అదే ఎక్కండి, వాళ్లు మిమ్మల్ని వేరే దానిలో ఎక్కనివ్వరు కూడా. ఒంటరిగా పోతే మాత్రం నా ఓటు మామూలు బోగీలో తెరిచిన కిటికీకే. అద్దాల బోగీలో కొండ కనిపిస్తుంది, వాసన రాదు. తడిసిన బండరాయికి, కుళ్లిన ఆకుకు, ఎక్కడో కాలుతున్న అడవి కట్టెకు ఉండే వాసనలు లేకుండా కొండ ఎక్కడం, పోపు పెట్టని పప్పు తినడం లాంటిది. కిటికీ ఏ వైపు అంటారా, పోయేటప్పుడు కుడివైపు.

సింహాచలం, పెందుర్తి దాటి కొత్తవలస చేరేదాకా ఇది పదిమందితో పాటు పోయే మామూలు రైలే. అక్కడ హౌరా వైపు పోయే పెద్ద లైనును వదిలేసి ఎడమకు తిరుగుతుంది. ఎస్.కోట దాకా మామిడి తోటలు, జీడి తోటలు, తాటి చెట్లు, ఎర్రమట్టి. కొండలు దూరాన నీలంగా, తమకేమీ పట్టనట్టు ఉంటాయి. ఆ తర్వాత బొడ్డవర. చూడ్డానికి అదొక మామూలు పల్లెటూరి స్టేషనే. కానీ మైదానం అక్కడితో సరి.

బొడ్డవర దాటాక రైలు గొంతు మారుతుంది. అంతదాకా గలగలమంటూ వచ్చిన బండి ఒక్కసారి గంభీరమైపోతుంది, ఏదో బరువు నెత్తికెత్తుకున్నట్టు. 60 మీటర్లు నడిస్తే ఒక మీటరు పైకి. ఆ లెక్కన ఎక్కుతూ పోవాలి, శిమిలిగూడ దాకా. లోపల కూచున్నవాళ్లకు వాలు తెలియదు. కిటికీలోంచి చూసినప్పుడు తెలుస్తుంది: ఇందాక మన పక్కనే ఉన్న చెట్టు కొసలు ఇప్పుడు మన కాళ్ల కింద ఉంటాయి. ఇందాక దాటిన వంతెన లోయకు అవతలి గట్టున అగ్గిపుల్లంత అయిపోయి కనిపిస్తుంది. అరే, మనం వచ్చింది అక్కణ్నుంచా అనుకునేలోపు చీకటి.

మొదటి సొరంగం. బోగీలో పిల్లలు అరుస్తారు. రెండో సొరంగానికి వాళ్ల నాన్నలు అరుస్తారు. నాలుగోదానికి, పైట సర్దుకుని హుందాగా కూచున్న మామ్మగారు కూడా ఓ చిన్న కేక వేసి నవ్వుకుంటుంది. చీకట్లో ఎవరు అరిచారో ఎవరికీ తెలియదు గదా. సొరంగం అయిపోగానే పచ్చదనం కళ్ల మీద కుమ్మరించినట్టు పడుతుంది. కళ్లు సర్దుకునేసరికి మళ్లీ చీకటి. మళ్లీ పచ్చన. ఈ కొండ తనను తాను ఒకేసారి చూపించదు. ఓ తెర తీస్తుంది, వేస్తుంది, తీసిన ప్రతిసారీ లోయ ఇంకాస్త లోతు దిగి ఉంటుంది.

త్యాడ, చిమిడిపల్లి. ఈ స్టేషన్లలో దిగేవాళ్లు పదిమంది ఉండరు. అడవిలో రెండు మూడు పట్టాలు పక్కపక్కన, ఓ చిన్న కట్టడం, పచ్చజెండా పట్టుకున్న మనిషి, అంతే. అక్కడ బండి ఆగితే తొందరగా కదలకూడదని కోరుకుంటాను. తరచుగా నా కోరిక తీరుతుంది కూడా. పైనుంచి ఖనిజం బండి దిగుతుంటే మన బండి పక్క లైనులో నిలబడి దారివ్వాల్సిందే. చాలాకాలం ఇది ఒంటి లైను, రెండో లైను పనులు ఇప్పుడు సాగుతున్నాయి. ఒకసారి అలా ఆగిపోయినప్పుడు, పక్కన కూచున్నాయన వాచీ చూసుకుంటూ సణుగుతుంటే, ఎదుటి సీట్లో టిఫిన్ డబ్బా విప్పుకుంటున్న పెద్దమనిషి, లైను మీద పనిచేసి రిటైరయిన వాడట, తాపీగా అన్నాడు: "ఇది గూడ్సు లైను బాబూ. మజ్జిలో మనం దూరినాం."

ఆ మాట ఈ దారి మొత్తానికి తాళంచెవి. పైకి పోయే గూడ్సు ఖాళీ, కిందికి వచ్చే గూడ్సు నిండు. నిండు బండికి కొండ దిగేటప్పుడు కావాల్సింది లాగే బలం కాదు, ఆపే పట్టు. వేల టన్నుల ఎర్రరాయి వాలు మీద నిలబడి ఉంటే, దాన్ని జారనివ్వకుండా మెల్లగా సముద్రం దగ్గరకు దించడం ఎంత పని! ఇప్పటి కొత్తరకం కరెంటు ఇంజన్లు ఇక్కడ ఒక తమాషా చేస్తాయి. దిగేటప్పుడు వాటి మోటార్లు జనరేటర్లయిపోతాయి. బండి వేగాన్ని అణచడంలో పుట్టిన కరెంటు పైనున్న తీగలోకి తిరిగి పోతుంది. ఆ సమయానికి దగ్గర్లో ఇంకో బండి ఎక్కుతూ ఉంటే ఆ కరెంటును వాడుకునేది అదే. అంటే, చిమిడిపల్లిలో పక్కకు తప్పుకుని ఎవరికోసం ఎదురుచూశామో, ఆ ఇనుము బరువే మనల్ని కొంత పైకి లాగుతూ ఉండవచ్చు. కొండ ఒక చేత్తో తన రాయిని దించుతూ రెండో చేత్తో మనల్ని ఎక్కించుకుంటుంది. ఇది తెలిశాక నేను ఆ గూడ్సును ఎప్పుడూ విసుక్కోలేదు. ఎర్రటి దుమ్ము పట్టిన వ్యాగన్లు కిటికీ పక్కనుంచి ఒకటి తర్వాత ఒకటి, అంతు లేకుండా, దడదడమని దిగిపోతుంటే లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో తప్పుతాను.

వానాకాలంలో ఈ దారి ఇంకో మనిషి. ఏ రాతిని చూసినా నీళ్లు. సొరంగం నోటి దగ్గర నీళ్లు, పట్టాల పక్క కాలవలో నీళ్లు, అవతలి కొండ మీద తెల్లటి దారాల్లా వేలాడే పేరులేని జలపాతాలు. మబ్బు లోయలో కూచుని ఉంటుంది, మనం దాని పైనుంచి పోతాం. అందంతో పాటు ప్రమాదమూ అప్పుడే. నానిన కొండచరియ ఎప్పుడు జారుతుందో, ఏ బండ ఎప్పుడు పట్టాల మీదికి దొర్లుతుందో చెప్పలేం. అలా పడి బళ్లు రద్దయిన రోజులున్నాయి. అందుకే గొడుగూ లాంతరూ పట్టుకుని పట్టాల వెంట నడుస్తూ కాపలా కాసే మనుషులుంటారు. వానలో తడుస్తూ ఒక పక్కకు ఒదిగి నిలబడి, దాటిపోతున్న బండికి జెండా చూపించే ఆ మనిషిని సొరంగాలను ఫోటో తీసే హడావిడిలో ఎవరూ చూడరు. వీలైతే చెయ్యి ఊపండి. తిరిగి ఊపుతాడు.

తర్వాత బొర్రా గుహలు. స్టేషను పేరే అది. గుహల దగ్గర దిగి, చూసుకుని, రోడ్డు మీదుగా అరకు చేరేవాళ్లు చాలామంది. గోస్తనీ నది ఒక సున్నపురాతి కొండను లోపల్నుంచి కరిగించి, బొట్టు బొట్టుగా మళ్లీ పోతపోసిన చోటు అది. పైనుంచి వేలాడే రాళ్లు, కింది నుంచి లేచే రాళ్లు, రెండూ ఒకదాన్నొకటి అందుకోవడానికి ఎన్ని వేల ఏళ్లయినా తొందరపడవు. లోపల పెట్టిన ఎర్ర, పచ్చ, నీలం లైట్లు మాత్రం నాకు నచ్చవు, పెళ్లి పందిట్లో ఉన్నట్టుంటుంది. ఓ చోట తలెత్తి నిలబడండి. ఆ పైకప్పు మీదుగానే, మనం వచ్చిన రైలు పట్టాలు పోతాయి. కింద నీరు రాయిని దిద్దుతుంది, పైన ఇనుము దొర్లిపోతుంది, నడుమ మనం చెప్పుల్లో ఇసుకతో. ఆ గోస్తనే కొండ దిగి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

కరకవలస, ఆ తర్వాత శిమిలిగూడ. సముద్రమట్టానికి 996 మీటర్లు. పొద్దున మనం బయల్దేరింది సముద్రం ఒడ్డు నుంచి. దేశంలో ఇంతకన్నా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషను లేదని చాలాకాలం గొప్పగా చెప్పుకునేవాళ్లు. కశ్మీర్ లోయకు బ్రాడ్‌గేజ్ వచ్చాక ఆ గొప్ప పోయింది. పోతే పోయింది, చలిగాలి ఎక్కడికీ పోలేదు. విశాఖలో చెమటకు అంటుకున్న చొక్కా ఇక్కడికి వచ్చేసరికి ఒంటి మీద చల్లగా ఆరిపోయి ఉంటుంది. అక్కణ్నుంచి బండి కాస్త దిగి అరకు లోయలో అడుగుపెడుతుంది.

ఇంత పొగిడాక అరకు గురించి నిజం చెప్పాలి. స్టేషను దాటి రోడ్డు మీదికి వచ్చాక కనిపించేది చిన్న పట్నం. లాడ్జీల బోర్డులు, బొంగులో చికెన్ బళ్లు, జీపులవాళ్ల పిలుపులు. డిసెంబరులో శని, ఆదివారాలొస్తే కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడతాయి. ఒక రిసార్టులో అర్ధరాత్రి దాకా మైకులో పాటలు వేస్తే, తెల్లారి పొగమంచు కూడా మత్తు దిగనట్టే కనిపించింది నాకు. అందుకని రెండు మాటలు: వారం మధ్యలో రండి, ఆ రోడ్డును వదిలి ఏ పక్కకైనా ఇరవై నిమిషాలు నడవండి. నడిచారా, ఊరు ముగిసి లోయ మొదలవుతుంది. చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చితమొగొండి. మధ్యలో ఎర్రమట్టి పూసిన గోడల గూడేలు, మెట్లు మెట్లుగా దిగే వరి మడులు, పశువుల మెడగంటలు.

అక్టోబరు చివర నుంచి నవంబరు, డిసెంబరు దాకా వస్తే వలిసెలు పూసి ఉంటాయి. ఎన్ని ఫోటోలు చూసి వచ్చినా ఆ పసుపు మొదటిసారి కళ్లబడ్డప్పుడు మనిషి మాట ఆగుతుంది. ఒక మడి కాదు, కొండవాలు కొండవాలంతా. పొద్దుటి మంచు విడిపోతుంటే కింది నుంచి ఆ పసుపు బయటపడుతుంది, ముందు వెలుతురొచ్చి తర్వాత సూర్యుడొచ్చినట్టు. దగ్గరకు పోతే తేనెటీగల రొద. ఇప్పుడు రైతులు పొలం గట్టున నిలబడి, ఫోటో తీసుకునేవాళ్ల దగ్గర మనిషికింత అని వసూలు చేస్తున్నారు. కొందరు విసుక్కుంటారు. నాకైతే అది పూర్తిగా న్యాయంగా తోస్తుంది. అది నూనెగింజల పంట, మనకోసం వేసిన పూలతోట కాదు. తొక్కిన ప్రతి మొక్కా అతని ఇంటి నూనెచుక్క.

ఆ మాటకొస్తే అరకులో మనకోసం పుట్టింది దాదాపు ఏదీ లేదు. పట్టాలు ఇనుముకు. వలిసెలు నూనెకు. అందరూ బెంచీల మీద కూచుని సేదతీరే పద్మాపురం తోట, రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. కాఫీ తోటలు, పోడు కోసం అడవి కొట్టే అవసరం తగ్గించి, గిరిజన రైతుకు నిలకడగా నాలుగు రూపాయలు రావాలని విస్తరించినవి. ఎవరి పని వాళ్లు చేసుకుంటున్న కొండ ఇది. మనం ఆ పని మధ్యలోకి వచ్చి నిలబడి ఎంత బాగుందో అంటాం. చూడ్డానికే తయారుచేసిన ఊళ్లలో నాకు తొందరగా విసుగొస్తుంది. ఇక్కడ రాదు.

కాఫీ గురించి కొంచెం చెప్పాలి. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటి ఒంటిని అల్లుకుని మిరియాల తీగలు, ఆ నీడలో నడుమెత్తున కాఫీ పొదలు. అరబికా రకం. ఎండాకాలం మొదట్లో ఓ మంచి జల్లు పడితే చాలు, కొన్నాళ్లకు కొమ్మ కొమ్మంతా తెల్లగా పూస్తుంది, మల్లెను తలపించే వాసన. నాలుగు రోజులుండి పోతుంది. నవంబరు వచ్చేసరికి కాయలు ఎర్రబడతాయి. ఒకే కొమ్మ మీద పచ్చవీ పండువీ ఉంటాయి గనుక, పండిన వాటినే ఏరి కోయాలి, మళ్లీ మళ్లీ రావాలి. అలా చేతివేళ్లతో ఏరిన గింజ పారిస్ దాకా పోయింది. అరకు కాఫీ పేరుతో అక్కడ 2017లో దుకాణం తెరిచారు. 2019లో ఈ లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అలాంటి తోట ఉన్న ఒక ఇంటి అరుగు మీద కూచున్నప్పుడు నాకు ఇచ్చింది మాత్రం కాఫీ కాదు, చోడి అంబలి. చల్లగా, పుల్లగా, పక్కన ఓ పచ్చిమిరపకాయ. ఆ ఎండలో అంతకన్నా ఏం కావాలి?

వారపు సంత తగిలితే మిగతా కార్యక్రమాలన్నీ మానుకోండి. ఊళ్లోని మ్యూజియం ఎక్కడికీ పోదు. కొండల మీంచి కాలిదారుల్లో వరసగా దిగివస్తారు, బగతలు, కొండదొరలు, పోర్జాలు, కోటియాలు. తెలుగు కొంత, ఆదివాసీ ఒడియా కొంత, చేతివేళ్ల లెక్క కొంత కలిసి బేరం నడుస్తుంది. పసుపు కొమ్ములు, చింతపండు, సామలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, అప్పుడే తవ్విన అల్లం, మట్టి వదలని దుంపలు. ఓ మూల జీలుగు కల్లు. ఓ మూల ఎండుచేపలు, కింద సముద్రం నుంచి కొండెక్కి వచ్చినవి. ఇక్కడ పండింది కిందికి, అక్కడ పట్టింది పైకి. వీళ్ల థింసా నాట్యం గురించి అడుగుతారు. విడిది గృహాల్లో రాత్రిపూట వేస్తారు, బాగానే ఉంటుంది. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి, అలలా కదిలే ఆ వరస ఎక్కడ చూసినా అందమే. కానీ చైత్రంలో ఇటుకల పండుగకు, తమ ఊళ్లో, తమ డప్పుకు, తాము ఆడుకునేటప్పుడు ఆ పాదాల్లో ఉండే ఉత్సాహం డబ్బిచ్చి రప్పించుకునేది కాదు.

తిరుగు బండి మధ్యాహ్నం దాటాక కిరండూల్ వైపు నుంచి వస్తుంది. వేళకు వస్తే సంతోషం, రాకపోయినా ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. పొద్దున బోగీ నిండా మనలాంటి చూసేవాళ్లు. సాయంత్రం బోగీ నిండా సరుకు. సీట్ల కింద అనాసపళ్లు, తలుపు దగ్గర చీపుళ్ల కట్టలు, పైన బెర్తు మీద సీతాఫలాల గంపలు, సెలవులకు ఇంటికి పోతున్న హాస్టలు పిల్లలు, వాళ్ల ట్రంకుపెట్టెలు. శిమిలిగూడ దాటాక బండి కిందికి ఒరుగుతుంది, బ్రేకుల కమురు వాసన మొదలవుతుంది. నేను పోయిన ఓ వేసవిలో, నా సీటుకూ ఎదుటి సీటుకూ మధ్య ఒక పనసకాయ కూచుంది. కాయ అనడం మర్యాద కాదు, ఓ పెయ్యదూడంత ఉంది. దాని పక్కన కొంగు నడుముకు దోపుకుని దాని యజమానురాలు. టిక్కెట్లు చూసే ఆయన వచ్చి మా అందరివీ చూసి, పనస దగ్గర ఆగాడు.

"దీనికి టిక్కెట్టేదమ్మా?"

ఆమె ఆయన్ని కింది నుంచి పైదాకా ఓసారి చూసింది. "నువ్వు తీయించీ బావూ. ఎస్.కోటలో కోసినప్పుడు సగం నీకే ఇత్తాను."

ఆయన నవ్వు ఆపుకుంటూ పక్క బోగీలోకి పోయాడు. ఎస్.కోట వచ్చింది. దాన్ని దించడానికి నేనూ ఓ చెయ్యి వేశాను, అరచేతులకు జిగురంటుకుంది. ప్లాట్‌ఫారం మీదే కత్తికి నూనె రాసి ఓ చెక్క కోసి, నాలుగు తొనలు కిటికీలోంచి నాకందించి, మిగిలిందాన్ని బేరం పెట్టేసింది.